‘జువెనైల్ డెలిన్క్వెన్సీ’ని ‘బాల నేరం’ అంటే సరిపోతుందా?

కాలేజీ పత్రికకు వ్యాసం రాస్తున్నానని చెప్పారు. ‘జువెనైల్ డెలిన్క్వెన్సీ’ అన్న మాటకు ఒకచోట ‘బాల నేరం’ అని, మరోచోట ‘బాలాపరాధం’ అని కనిపించిందని, బడి ఎగ్గొట్టడం కూడా అందులోకే వస్తుందని పాఠ్యపుస్తకంలో చదివి అయోమయంలో పడ్డానని రాశారు. బడికి వెళ్లకపోవడం నేరం ఎలా అవుతుంది, ఇంతకీ ఏ మాట వాడాలి అన్నది మీ ప్రశ్న. నేను ఆరేళ్లు ప్రొబేషన్ అధికారిగా, అంటే తప్పు చేసినవారిని జైలుకు పంపకుండా కనిపెట్టుకుని ఉండే ఉద్యోగిగా, పనిచేశాను. ఆ తర్వాత ఇరవై రెండేళ్లుగా నేరశాస్త్రం పాఠం చెబుతున్నాను. ఏటా మొదటి వారంలోనే ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. కాస్త పొడుగ్గానే చెబుతాను, ఓపిక పట్టండి.

తొందరలో ఉంటే ఇంతవరకు చదివితే చాలు. మీరు రాసేది ఒక చట్టం గురించి అయితే ఆ చట్టం ఏ మాట వాడిందో అదే వాడండి. సమాజంలో కనిపించే ధోరణి గురించి అయితే ‘బాలాపరాధం’ అనండి. ఫలానా పిల్లవాడి గురించి, ఫలానా అమ్మాయి గురించి అయితే ఈ మాటల్లో ఏదీ వద్దు. ఏం చేశారో అది రాయండి. కారణాలు కావాలనుకుంటే ముందుకు రండి.

ఇంగ్లీషు మాట లాటిన్ నుంచి వచ్చింది. చేయవలసినది చేయకుండా వదిలేయడం, బాధ్యతలో లోపం చేయడం దాని మూలార్థం. ఆ పాత అర్థం బ్యాంకుల్లో ఇప్పటికీ బతికే ఉంది. వాయిదాలు తప్పిన అప్పు ఖాతాను ‘డెలిన్క్వెంట్’ ఖాతా అంటారు. అక్కడ దొంగతనమూ లేదు, దౌర్జన్యమూ లేదు. గడువు దాటింది, అంతే. 1640లలో ఇంగ్లండ్ అంతర్యుద్ధం నడుస్తున్నప్పుడు పార్లమెంటు, రాజు పక్షాన నిలిచినవారికి ఇదే పేరు పెట్టి ఆస్తులు జప్తు చేసింది. ఈ మాటను తనకు తానుగా పెట్టుకున్నవారు చరిత్రలో కనబడరు. ఎప్పుడూ అధికారం ఉన్నవాళ్లు లేనివాళ్లకు పెట్టిన పేరే అది.

తెలుగులో దీనికి దగ్గరి చుట్టం ‘అపరాధం’. పరీక్ష ఫీజు గడువు దాటాక కట్టేది అపరాధ రుసుము. అది కట్టిన విద్యార్థిని ఎవరూ నేరస్థుడు అనరు. అదే మాట ‘అపరాధ పరిశోధన’లోకి వచ్చేసరికి హత్య దాకా వెళ్లిపోతుంది. రుసుము నుంచి హత్య దాకా సాగే ఈ వెడల్పు ‘నేరం’ అన్న మాటకు లేదు. నేరం అన్నామంటే దానికి చట్టంలో ఒక సెక్షన్ ఉండాలి, ఒక శిక్ష ఉండాలి. ‘బాలాపరాధం’ అన్న మాట కట్టినవారు ఎవరో నాకు తెలియదు గానీ, మాటల బరువు తెలిసిన మనిషి.

ఇక బడి ఎగ్గొట్టడం సంగతి. అది ఈ మాటలోకి ఎలా దూరిందో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1815లో లండన్‌లో కొందరు ఒక సంఘంగా ఏర్పడి, నగరంలో పిల్లల నేరాలు ఎందుకు పెరుగుతున్నాయో విచారించారు. 1816లో నివేదిక ఇచ్చారు. ‘జువెనైల్ డెలిన్క్వెన్సీ’ అన్న జంట పదం ఆ నివేదిక పేరులోనే ఉంది. వారు చెప్పిన కారణాలు చూడండి: తల్లిదండ్రుల నడత సరిగా లేకపోవడం, చదువు లేకపోవడం, తగిన పని దొరకకపోవడం, ఆదివారపు ఆరాధన మానేయడం, వీధుల్లో జూదం. ఆదివారాన్ని తీసేసి ఆ స్థానంలో ఫోను పెట్టండి, నిన్న రాత్రి టీవీ చర్చ అయిపోతుంది. అయితే ఆ నివేదికలో నాకు నచ్చేది రెండో సగం. శిక్షాస్మృతి మరీ క్రూరంగా ఉండటం, పోలీసు వ్యవస్థ లోపాలు, జైళ్ల తీరు కూడా పిల్లలను చెడగొడుతున్నాయని వారు అప్పుడే రాశారు. అప్పటికి ఇంగ్లండ్‌లో ఏడేళ్లు దాటిన పిల్లవాడిని పెద్దల కోర్టులోనే నిలబెట్టేవారు, పెద్దల జైలుకే పంపేవారు.

న్యూయార్క్‌లో 1825లో ‘హౌస్ ఆఫ్ రెఫ్యూజ్’ అనే సంస్థ మొదలైంది. పిల్లలను పెద్దల జైలు నుంచి తప్పించడం దాని ఉద్దేశం. మంచిదే. కానీ అందులోకి నేరం రుజువైన పిల్లలనే కాక, దిక్కులేక వీధుల్లో తిరిగే పిల్లలను కూడా చేర్చారు. దొంగతనం చేసినవాడూ, తిండి లేనివాడూ ఒకే గదిలో, ఒకే పేరు కింద. ఆ కలగాపులగం అక్కడే మొదలైందని నా అభిప్రాయం.

తర్వాతి మలుపు 1899. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం పిల్లలకు ప్రత్యేక కోర్టు ఏర్పాటు చేసే చట్టం తెచ్చింది. ఆ సంవత్సరమే చికాగోలో అలాంటి మొదటి కోర్టు పనిచేయడం మొదలుపెట్టింది. ఆ చట్టం మొదట్లో ‘డెలిన్క్వెంట్’ పిల్లవాడికి ఇచ్చిన నిర్వచనం పొట్టిది, స్పష్టమైనది: 16 ఏళ్ల లోపు ఉండి, రాష్ట్ర చట్టాన్నో ఊరి నిబంధననో అతిక్రమించినవాడు. తర్వాతి కొద్ది ఏళ్లలో వచ్చిన సవరణలతో ఆ నిర్వచనం ఊబకాయం పెంచుకుంది. దొంగలతో తెలిసీ తిరగడం, చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్లడం, పనీపాటా లేకుండా పెరగడం, రాత్రిపూట వీధుల్లో తిరగడం, కదిలే రైలు ఎక్కడం, బూతులు మాట్లాడటం, అన్నీ అందులో చేరాయి. ఇతర రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. బడి ఎగ్గొట్టడం ఈ దారినే వచ్చింది. మీ పాఠ్యపుస్తకం తప్పు రాయలేదు. ఈ సంప్రదాయంలోని నిర్వచనాన్ని ఎత్తి రాసింది, అది ఎక్కడిదో చెప్పడం మరిచింది.

పెద్దవాళ్లు చేస్తే ఎవరూ పట్టించుకోని పని, పిల్లలు చేస్తే తప్పయ్యే రకాన్ని ‘స్టేటస్ అఫెన్స్’ అంటారు. నేను తరగతిలో ‘వయసు తప్పులు’ అంటాను. ఇల్లు విడిచి పోవడం, బడి మానడం, చెప్పిన మాట వినకపోవడం, కొన్నిచోట్ల మద్యం తాగడం, రాత్రి ఫలానా గంట తర్వాత బయట కనిపించడం. పద్దెనిమిదో పుట్టినరోజు రాత్రి పన్నెండు గంటలకు వీటిలో చాలావరకు మాయమైపోతాయి. అలా మాయమయ్యేదాన్ని నేరం అనడానికి నాకు నోరు రాదు.

‘పేరులో ఏముంది, ఆ కోర్టులు పిల్లల మేలు కోసమే కదా’ అని ఇక్కడ ఎవరైనా అనవచ్చు. దానికి జవాబుగా నేను ఎప్పుడూ చెప్పే కేసు ఒకటి ఉంది.

1964 జూన్‌లో అమెరికాలోని అరిజోనాలో జెరాల్డ్ గాల్ట్ అనే పదిహేనేళ్ల అబ్బాయిని, ఇరుగుపొరుగు స్త్రీకి ఫోను చేసి అసభ్యంగా మాట్లాడాడన్న ఫిర్యాదు మీద అదుపులోకి తీసుకున్నారు. తల్లిదండ్రులు పనికి వెళ్లి ఉన్నారు. కబురు పెట్టలేదు, ఇంట్లో చీటీ కూడా ఉంచలేదు. సాయంత్రం తల్లి వచ్చి కొడుకు కనబడక వెతుక్కోవలసి వచ్చింది. విచారణ జరిగింది గానీ ఫిర్యాదు చేసిన స్త్రీ ఒక్కసారి కూడా రాలేదు. లాయరు లేడు. ఎవరు ఏం చెప్పారో రాసుకున్న కాగితం లేదు. జడ్జి ఆ అబ్బాయిని ‘జువెనైల్ డెలిన్క్వెంట్’గా తేల్చి, 21 ఏళ్లు వచ్చేదాకా సంస్కరణ పాఠశాలలో ఉంచమన్నాడు. ఆరేళ్లు! అదే మాట వయసొచ్చిన మనిషి ఒకరు ఫోనులో అని ఉంటే అక్కడి చట్టం ప్రకారం 5 నుంచి 50 డాలర్ల జరిమానా, లేదా గరిష్ఠంగా రెండు నెలల జైలు. ఇంత జరిగాక అప్పీలు చేసుకునే వీలు కూడా లేదు, ఎందుకంటే కాగితం మీద అది శిక్షే కాదు. ‘నేరం’ అని పిలవనందువల్ల నిందితుడికి ఉండే రక్షణలేవీ వర్తించలేదు.

1967 మే 15న అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆరోపణ ఏమిటో ముందుగా తెలియజేయాలని, లాయరు ఉండాలని, సాక్షిని ఎదురు ప్రశ్నించే హక్కు ఉండాలని, తనకు వ్యతిరేకంగా తానే చెప్పుకోవాలని ఒత్తిడి చేయరాదని చెప్పింది. ‘డెలిన్క్వెంట్’ అన్న మాటకు అంటుకున్న మచ్చ ‘క్రిమినల్’ అన్న మాటకు ఉన్నదానికంటే కాస్త మాత్రమే తక్కువని ఆ తీర్పులోనే జస్టిస్ ఏబ్ ఫోర్టాస్ రాశారు. మెత్తగా ఉంటుందని ఎంచుకున్న మాట అరవై డెబ్బై ఏళ్లలోనే గట్టిపడిపోయింది.

అమెరికా చట్టంలో ఆ మాట ఇప్పటికీ ఉంది. అక్కడి ఫెడరల్ (కేంద్ర) చట్టం నిర్వచనం ఇది: 18 ఏళ్లు నిండకముందు చేసినది, పెద్దవారు చేసి ఉంటే నేరం అయ్యే చట్ట ఉల్లంఘన. ఈ వాక్యంలో ‘పెద్దవారు చేసి ఉంటే నేరం’ అన్న షరతు గమనించండి. అది బడి ఎగ్గొట్టినవాడిని బయటికి పంపేసే తలుపు. 1974లో వచ్చిన మరో ఫెడరల్ చట్టం, కేవలం వయసు తప్పులు చేసిన పిల్లలను నిర్బంధ గృహాల్లో పెట్టవద్దని రాష్ట్రాలను ఒత్తిడి చేసింది. అంతర్జాతీయంగా కూడా గాలి అటే వీచింది. 1990లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన రియాద్ మార్గదర్శకాలు, పెద్దలు చేస్తే నేరం కానిది పిల్లలు చేసినా నేరంగా చూడకూడదన్నాయి. అవే మార్గదర్శకాల్లో మీ వ్యాసానికి పనికివచ్చే మాట ఇంకొకటి ఉంది: కుర్రవాళ్లకు ‘డెలిన్క్వెంట్’ వంటి ముద్రలు వేయడమే చాలాసార్లు వారిలో చెడు నడత స్థిరపడటానికి తోడ్పడుతుందని. ఆ మార్గదర్శకాల పూర్తి పేరులో మాత్రం ‘జువెనైల్ డెలిన్క్వెన్సీ నివారణ’ అనే ఉంది. ధోరణికి ఆ పేరు, మనిషికి వద్దు: మొదట్లో నేను మీకు చెప్పిన విభజన అదే.

అన్ని దేశాలూ ఇలా ఒకే మాటతో కుస్తీ పట్టలేదు. జపాన్ 1948 నాటి చట్టం పిల్లలను మూడు రకాలుగా చూస్తుంది. 14 దాటి నేరం చేసినవారు ఒకరకం. 14 లోపే అలాంటి పని చేసినవారు మరో రకం. వారికి వాడే మాటకు ‘చట్టాన్ని తాకిన’ పిల్లలు అని అర్థం. ఇంకా ఏమీ చేయలేదు గానీ చేసేలా ఉన్నారు అనిపించేవారు మూడో రకం. రెండోది నాకెంతో నచ్చుతుంది, మూడోది భయపెడుతుంది. చేయబోయేదానికి ఇప్పుడే పేరు పెడితే ఆ పేరు నుంచి తప్పించుకోవడం ఎవరి తరం? 2022 నుంచి 18, 19 ఏళ్లవారికి ఆ మూడో తరగతి వర్తించకుండా చేశారు. స్కాట్లండ్‌లో 1971 నుంచి పిల్లల విషయాలు చాలావరకు కోర్టుకు కాక, ముగ్గురు సామాన్యులు కూర్చునే ‘హియరింగ్’కు వెళతాయి. దెబ్బలు తిన్న పిల్లవాడు, దెబ్బలు కొట్టిన పిల్లవాడు ఇద్దరూ అక్కడికే వస్తారు. ఇద్దరికీ కావలసింది ఏమిటన్నది అక్కడ మొదటి ప్రశ్న.

భారత చట్టాలలో ఈ మాట ప్రయాణం వేరు. 1986 నాటి జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టంలో ‘డెలిన్క్వెంట్ జువెనైల్’ అని ఉండేది, నేరం చేసినట్టు తేలిన బాలబాలికలు అని దాని అర్థం. అప్పట్లో అబ్బాయిలకు 16, అమ్మాయిలకు 18 హద్దు. 2000 చట్టం ఆ మాటను తీసేసి ‘చట్టంతో సంఘర్షణలో ఉన్న జువెనైల్’ అంది, హద్దును ఇద్దరికీ 18 చేసింది. 2015 చట్టం ‘జువెనైల్’ను కూడా పక్కన పెట్టి ‘చట్టంతో సంఘర్షణలో ఉన్న బాలలు’ అంటోంది. పైగా పిల్లల విషయంలో నిందించే మాటలు వాడరాదన్నది ఆ చట్టం మూల సూత్రాలలో ఒకటి. తమాషా ఏమిటంటే, మాట ఇంత మెత్తబడిన అదే చట్టం 16 దాటినవారిని ఘోరమైన నేరాలలో, ప్రాథమిక అంచనా తర్వాత, పెద్దలలాగా విచారించే దారి తెరిచింది. మాట మెత్తబడినంత మాత్రాన చేయి మెత్తబడుతుందని అనుకోకండి.

ఇందులో పత్రికల వాళ్లు తరచూ జారిపడే చోటు ఒకటుంది. 1986 నిర్వచనం నేరం తేలినవారికి మాత్రమే. 2015 నిర్వచనంలో నేరం చేశారన్న ఆరోపణ ఉన్నవారు, చేసినట్టు తేలినవారు ఇద్దరూ ఉన్నారు. కాబట్టి ‘చట్టంతో సంఘర్షణలో ఉన్న బాలుడు’ అన్నదాన్ని తెలుగులో ‘బాల నేరస్థుడు’ అని రాసేస్తే, ఇంకా ఏమీ రుజువు కాని పిల్లవాడిని ఒక్క మాటతో దోషిని చేసినట్టే. అనువాదకులు ఆ వాక్యం పొడుగైందని విసుక్కుంటారు. పొడుగే. కానీ ఆ పొడుగులోనే నిర్దోషి అయ్యే అవకాశం దాక్కుని ఉంది.

వయసు గురించి రెండు మాటలు. ‘జువెనైల్’ అంటే పై హద్దు ఒక్కటే అనుకుంటారు చాలామంది. కింది హద్దు కూడా ఉంటుంది. అంతకంటే చిన్నవాళ్లు ఏం చేసినా అది నేరం కాదు. ఇంగ్లండ్‌లో అది 10, స్కాట్లండ్‌లో ఇప్పుడు 12, జర్మనీలో 14. భారత్‌లో 7, 7 నుంచి 12 మధ్యవారికి తాము చేసిన పని అర్థమయ్యేంత పరిణతి ఉందా లేదా అన్నది చూడాలి. కనీసం 14 ఉండాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2019లో చెప్పింది. అందువల్ల రెండు దేశాల బాలాపరాధ గణాంకాలు పక్కపక్కన పెట్టి ‘వాళ్ల పిల్లలు మన పిల్లల కంటే చెడ్డవాళ్లు’ అని ఎవరైనా రాస్తే నమ్మకండి. వారు లెక్కపెట్టింది వేరువేరు పిల్లలను.

ఇంతవరకు చట్టం మాట. సమాజశాస్త్రం వాడుక దీనికంటే వెడల్పు. అక్కడ డెలిన్క్వెన్సీ అంటే పోలీసుల దాకా వెళ్లినదే కాదు, ఎవరికీ తెలియకుండా పోయినది కూడా. దీన్ని పుస్తకంలో చెబితే పిల్లలకు ఎక్కదు. అందుకే మొదటి తరగతిలో అందరికీ చిన్న చీటీలు ఇస్తాను. పేరు రాయవద్దంటాను. ‘పద్దెనిమిది నిండకముందు మీరు చేసిన పనుల్లో, దొరికి ఉంటే పోలీస్ స్టేషన్ దాకా వెళ్లగలిగినది ఒకటి రాయండి’ అంటాను. మొదట నవ్వులు, తర్వాత నిశ్శబ్దం, తర్వాత కాగితం మీద కలాల చప్పుడు. డబ్బాలో వేసి, కలిపి, నేనే పైకి చదువుతాను. ‘లైసెన్సు లేకుండా బండి నడిపాను.’ ‘టికెట్ లేకుండా రైలెక్కాం, నలుగురం.’ ‘అంగడిలో పెన్ను జేబులో వేసుకున్నాను, ఇప్పటికీ దాన్ని వాడను.’ ఇన్నేళ్లలో ఖాళీగా వచ్చిన చీటీలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఒక ఏడాది వచ్చిన చీటీ మాత్రం దాచుకున్నాను. ‘క్రికెట్ గొడవలో బ్యాటుతో ఒకడి తల పగలగొట్టాను. ఆరు కుట్లు పడ్డాయి. వాళ్ల నాన్న, మా నాన్న మాట్లాడుకుని సరిపెట్టారు.’

ఆ చివరి వాక్యం మీద నేను ఒక గంట పాఠం చెప్పగలను. మాట్లాడి సరిపెట్టే నాన్న లేని పిల్లవాడు అదే బ్యాటుతో అదే తల పగలగొడితే వాడి మీద ఒక ఫైలు తెరుచుకుంటుంది. ఇద్దరూ చేసినది ఒకటే. ఒకడిది అల్లరి అయింది, ఇంకొకడిది డెలిన్క్వెన్సీ అయింది. 1950లలో అమెరికాలో జేమ్స్ షార్ట్, ఐవాన్ నై అనే పరిశోధకులు హైస్కూలు పిల్లలను నేరుగా అడిగి చూసినప్పుడు ఇదే బయటపడింది. పేద పిల్లలకూ కలిగిన పిల్లలకూ పోలీసు లెక్కల్లో కనిపించే అంత తేడా, పిల్లలు తామే చెప్పిన లెక్కల్లో కనబడలేదు.

అలాగని అందరూ ఒకటే, ఈ మాటకు అర్థమే లేదు అనడం కూడా అబద్ధమే. 1945లో పుట్టి, పదేళ్ల వయసు నుంచి అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పెరిగిన 9,945 మంది అబ్బాయిల రికార్డులను నేరశాస్త్రవేత్త మార్విన్ వోల్ఫ్‌గాంగ్, ఆయన సహచరులు 18 ఏళ్ల వయసు దాకా పరిశీలించారు. 1972లో ఫలితాలు వచ్చాయి. మూడో వంతు కంటే కొంచెం ఎక్కువమందికి కనీసం ఒక్కసారైనా పోలీసులతో పని పడింది. అయితే 627 మంది, అంటే ఆరు శాతం, మొత్తం ఉల్లంఘనల్లో సగానికి పైగా చేశారు. మిగతావారిలో చాలామంది ఒక్కసారితో ఆగిపోయారు. 1993లో మనస్తత్వవేత్త టెరీ మాఫిట్ దీనికి ఒక చక్కని వివరణ ఇచ్చారు. కౌమారంలో మొదలై కౌమారంతోనే పోయే తుంటరితనం ఒకటి, అది చాలామందిలో ఉంటుంది. చిన్నప్పటి నుంచే కనిపించి పెద్దయ్యాక కూడా సాగేది ఇంకొకటి, అది కొద్దిమందిలోనే. పదహారేళ్ల వయసులో ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు, అదీ చిక్కు. ‘బాల నేరస్థుడు’ అన్న ఒక్క మాట ఆ ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తుంది. తెలుగులో అల్లరి, పెంకితనం, దుడుకుతనం, ఆకతాయితనం, దౌర్జన్యం అని మెట్లు మెట్లుగా ఇన్ని మాటలు ఉండగా మనం అన్నిటినీ ఎందుకు వదులుకోవాలి?

మనోవైద్యంలోని ‘కాండక్ట్ డిజార్డర్’ను (ప్రవర్తన రుగ్మతను) దీనితో కలపకండి. అది వైద్యులు లక్షణాలు చూసి చేసే నిర్ధారణ. ఇది చట్టం చెప్పే మాట. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉండాలని లేదు.

మనిషికి ఆ మాట వాడవద్దని ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో చెప్పాలి. ముద్ర వేయడం వల్ల జరిగే కీడు గురించి ఫ్రాంక్ టానెన్‌బామ్ 1938లోనే రాశారు: పట్టుకుని, పేరు పెట్టి, వేరు చేసి, పదేపదే గుర్తు చేసి, పిల్లవాడిని చివరికి ఆ పేరుగానే తయారు చేస్తాం అని. నేను దాన్ని చదివి నేర్చుకోలేదు, బల్లకు ఇవతల కూర్చుని నేర్చుకున్నాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. పదిహేనేళ్ల అబ్బాయి, పొరుగింటివారి మోటార్‌సైకిల్ తీసుకుని పెట్రోలు అయిపోయేదాకా తిరిగి, రోడ్డు పక్కన వదిలేసి వచ్చాడు. నా ముందు ఫైలు తెరిచి ఉంది. నాకంటే ముందు ఆ కుర్చీలో ఉన్న అధికారి ‘స్వభావం’ అన్న గడిలో ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట రాసి, కింద గీత గీశారు. నేను ఇంటి సంగతులు అడుగుతున్నాను. అబ్బాయి జవాబు చెప్పడం లేదు, తల వంచుకుని ఉన్నాడు. సిగ్గుపడుతున్నాడు అనుకున్నాను. కాసేపటికి అర్థమైంది, వాడు ఫైలును తలకిందులుగా చదువుతున్నాడని. ‘డి, ఇ, ఎల్, ఐ...’ అని పెదవులు కదుపుతూ అక్షరాలు కూడబలుక్కుని, ‘సార్, నాకు ఉన్న జబ్బు పేరా అది?’ అని అడిగాడు.

నాకు జవాబు తోచలేదు. అప్పటికి ఆ మాటకు మూడు నిర్వచనాలు కంఠతా వచ్చు. ఒక్కటీ వాడికి చెప్పగలిగేలా లేదు. ఆ రోజు సాయంత్రం నివేదికలో ఆ గడిని కొట్టేసి, పక్కన ఇలా రాశాను: ‘ఫలానా తేదీన పొరుగింటివారి బండి అడగకుండా తీసుకున్నాడు. దాదాపు నలభై కిలోమీటర్లు నడిపాడు. దెబ్బతిన్న అద్దానికి డబ్బు కట్టడానికి మేనమామ ఒప్పుకున్నారు. గతంలో ఫిర్యాదు లేదు.’ పై అధికారి చదివి, గడిలో ఒక్క మాటతో పోయేదానికి నాలుగు వాక్యాలెందుకని విసుక్కున్నారు. కానీ మార్చలేదు. ఆ తర్వాత నా నివేదికల్లో ఆ గడిలో ఎప్పుడూ ఒక పని, ఒక తేదీ మాత్రమే ఉండేవి.

ఇప్పుడు మీ వ్యాసం. మీరు పంపిన మొదటి పేరాలో ఈ వాక్యం ఉంది: ‘చెడు స్నేహాల వల్ల నేటి యువతలో బాల నేరస్థులు విపరీతంగా పెరుగుతున్నారు.’ దీనిలో మూడుచోట్ల నా ఎర్ర సిరా పడుతుంది. ‘యువత’ అంటే ఇరవై అయిదేళ్లవారు కూడా వస్తారు, ‘18 ఏళ్ల లోపువారు’ అనండి. ‘విపరీతంగా పెరుగుతున్నారు’ అనడానికి మీ దగ్గర ఏ లెక్క ఉంది? ఒకవేళ ఉంటే అది నమోదైన కేసుల లెక్కా, విచారణకు వచ్చినవాటిదా, తేలినవాటిదా అన్నది రాయండి. ఒక పోలీస్ స్టేషన్‌లో అధికారి మారి, అంతకుముందు మందలించి పంపేసిన పిల్లల మీద కూడా కేసులు రాయడం మొదలుపెడితే, ఒక్క పిల్లవాడూ మారకుండానే లెక్క రెట్టింపు అవుతుంది. ఇక ‘బాల నేరస్థులు’ స్థానంలో ‘18 ఏళ్ల లోపువారిపై నమోదైన కేసులు’ అని పెట్టి చూడండి. వాక్యం కాస్త చప్పబడుతుంది, నిజమే. కానీ అప్పుడు దాన్ని ఎవరూ కాదనలేరు.

‘చెడు స్నేహాలు’ గురించి ఒక్క మాట. తోటివారితో కలిసి తప్పు చేయడం ఈ వయసులో మామూలే. పెద్దల కంటే పిల్లలు గుంపుగా తప్పు చేయడం ఎక్కువ. అయితే స్నేహం వల్ల తప్పు జరిగిందా, తప్పు చేసే మనసున్నవాళ్లు ఒకరినొకరు వెతుక్కున్నారా అన్నది నేరశాస్త్రంలో పాత గొడవ. రెండూ కొంత నిజమే. కాబట్టి ‘వల్ల’ అన్న విభక్తిని అంత ధైర్యంగా వాడకండి.

శీర్షికకు ‘బాలాపరాధం: చట్టం ఏమంటుంది, మనం ఏమంటాం’ లాంటిది పెడితే మీ విషయానికి సరిపోతుందనిపిస్తోంది. మొదటి పేరా మార్చాక ఇక్కడే పెట్టండి, చూస్తాను. నిర్వచనం ఏ దేశానిదో, ఏ సంవత్సరం చట్టందో మాత్రం మొదటి వాక్యంలోనే రాయండి.